హైకూలో ఫ్రీసివ్: నా అనుభవం

మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. 2 జీబీ మెమరీ. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఛార్జర్ తగిలించి ఉంచితేనే నడుస్తుంది. దాంట్లో హైకూ వేశాను. 2001లో బీఓఎస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కి దారి మూసుకుపోయినప్పుడు, దాన్ని ఇష్టపడ్డవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. పాత మెషీన్ మీద కూడా చకచకా లేస్తుంది.

పాలకొల్లులో డిప్లొమా చదువుతున్న మా మేనకోడలు సెలవులకి వచ్చి, "పోర్టింగ్ అంటే ఏంటి మావయ్యా?" అని అడిగింది. ఒక సిస్టమ్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ని ఇంకో సిస్టమ్‌లో నడిచేలా మార్చడమే పోర్టింగ్. చెప్పేకంటే చేసి చూపిద్దామనిపించింది. బయట ముసురు, ఎక్కడికీ వెళ్ళే పని లేదు. రెడీమేడ్ ప్యాకేజీ జోలికి పోకుండా ఫ్రీసివ్ అనే ఆట సోర్స్ కోడ్ దించుకున్నాం. 1995 చివర్లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ యూనివర్సిటీ విద్యార్థులు ముగ్గురు మొదలుపెట్టిన, వంతులవారీగా ఊళ్ళు కట్టుకుంటూ పోయే ఆట అది. సీ భాషలో రాశారు. ఆటను నడిపే సర్వర్ వేరు, మనం చూసే క్లయింట్ వేరు. ఒక్కరే ఆడినా ఆ రెండూ నెట్‌వర్క్ ద్వారానే మాట్లాడుకుంటాయి.

మొదటి చిక్కు అక్కడే వచ్చింది. కోడ్ ముక్కల్ని ఒకటిగా కలిపే లింక్ దశలో సాకెట్ లేదు, కనెక్ట్ లేదు అని వరసగా ఎర్రర్లు. లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ నెట్‌వర్క్ ఫంక్షన్లు సీ లైబ్రరీలోనే (రెడీమేడ్ కోడ్ మూటలోనే) ఉంటాయి. హైకూలో లిబ్‌నెట్‌వర్క్ అని విడిగా ఉంది, దాన్ని కలపమని మనమే చెప్పాలి. లెక్కల ఫంక్షన్లది దీనికి తిరగేసిన కథ: లినక్స్‌లో విడిగా ఉండే ఆ లైబ్రరీ హైకూలో లిబ్‌రూట్ అనే మూల లైబ్రరీలోనే కలిసిపోయి ఉంది. ఇన్‌స్టాల్ చేసే చోటు కూడా మార్చాను. సిస్టమ్ ఫోల్డర్‌లో మనం ఏమీ రాయలేం, సొంతంగా కట్టినవి నాన్-ప్యాకేజ్డ్ ఫోల్డర్‌లోకి పోవాలి. ఇవన్నీ అరగంట పనులు. అన్నాలు తిని కంపైల్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకి పూర్తయింది.

నిజంగా ఏడిపించింది సేవ్ ఫైలు. లినక్స్ అలవాటు ప్రకారం ఆట తన ఫైళ్ళని హోమ్‌లో చుక్కతో మొదలయ్యే ఫోల్డర్‌లో పెడుతుంది. హైకూలో సెట్టింగ్స్‌కి ప్రత్యేకంగా ఒక చోటుంది కదా, అక్కడే పెడదామని కోడ్‌లో మార్పు చేసే చిన్న ప్యాచ్ రాశాను. నా లినక్స్ మెషీన్‌లో పరీక్షిస్తే చక్కగా పనిచేసింది. మా మేనకోడలు రాత్రి పొద్దుపోయేదాకా ఆడింది. గాలికి కరెంటు పోయింది. పొద్దున చూస్తే ఒక్క సేవ్ కూడా లేదు. అరవై టర్నుల ఆట పోయింది. పిల్ల ఏమీ అనలేదు గానీ ముఖం చిన్నబోయింది. నాకు చాలా బాధేసింది.

రోజంతా వెతికాను. సెట్టింగ్స్ లోపల ఉండాల్సిన ఫోల్డర్ తయారే కాలేదు. అయినా ఎర్రర్ ఎందుకు రాలేదు? తప్పు జరిగితే ఎర్రర్ నంబరు తిరిగి వచ్చేలా ఫంక్షన్ రాసి, "సున్నా కంటే ఎక్కువైతే తప్పు" అని చూశాను. లినక్స్‌లో ఎర్రర్ నంబర్లు ఎప్పుడూ ధనసంఖ్యలే. హైకూలో బీఓఎస్ నుంచి వచ్చిన వారసత్వంగా అవి రుణసంఖ్యలు. కాబట్టి ప్రతి తప్పూ నా పరీక్ష దాటి చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. వాటిని ధనసంఖ్యలుగా చూపించే ఏర్పాటు హైకూలో ఉంది, కానీ నేను వాడలేదు. తప్పు నా పోలికలో ఉంది, దిద్దాల్సింది దాన్నే. "సున్నా కాకపోతే తప్పు" అని మార్చాను, పై ఫోల్డర్ లేకపోతే ముందు దాన్ని తయారుచేయించాను. మొత్తం నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లూ మా మేనకోడలి చేతే టైప్ చేయించాను.

కొత్త ఆటలో మొదటి ఊరికి పాలకొల్లు అని పేరు పెట్టింది. ఆ ఆటలో చేనుకి నీరు పెట్టాలంటే పక్క గడిలో ఏరు లాంటి నీటి వనరైనా ఉండాలి, అప్పటికే నీరు పారుతున్న చేనైనా ఉండాలి. "అంటే మన పంటకాలువ లాగేనన్నమాట" అంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ళు ఊరూరికీ కాలువల మీద ఎలా వచ్చాయో చెబుతూ కూర్చున్నాను.

నలభయ్యో టర్ను దాటాక మళ్ళీ కరెంటు పోయింది. ఇద్దరం కదల్లేదు. వచ్చాక సేవ్ తెరిచింది. కాలువ తవ్వుతున్న పనివాళ్ళు ఆ గడిలోనే ఉన్నారు.