ఊరగాయకు సరిపోయే ఉప్పు

మార్చి మూడో వారంలో మావాడి పరీక్షలు అయిపోయాయి. ఏప్రిల్ మొదట్లోనే మళ్ళీ కొత్త తరగతి. బెంగళూరులో వాడి బడికి ఈ మధ్యలో దొరికేది పది రోజులు. అసలు వేసవి సెలవులదాకా ఆగితే కరావళి, అంటే కర్ణాటక సముద్రతీరం, అంతా ఉడికిపోతుంది. అందుకే ఇప్పుడే కారులో వెళ్ళొద్దామనుకున్నాం.

అసలు కారణం మా అత్తమ్మ. పుట్టిందీ మెట్టిందీ కదిరిలోనే. అరవై తొమ్మిదేళ్ళు వచ్చినా సముద్రం చూడలేదు.

మా ఆయన ఎక్సెల్ షీటు తయారు చేశారు. నాలుగు రోజుల్లో మంగళూరు, కాపు, ఉడిపి, మల్పె, మరవంతె, మురుడేశ్వర, గోకర్ణ. "ఇది యాత్రా, కొరియర్ డ్యూటీనా?" అన్నాను. చివరి రెండూ కొట్టేశాం. రెండో గొడవ ఘాట్ గురించి. మంగళూరు సుమారు 350 కిలోమీటర్లే కదా, ఒక్కరోజులో కొట్టేద్దామని ఆయన. హాసన్ దాటి సకలేశపురలో రాత్రికి ఆగాల్సిందేనని నేను. ఆ తర్వాత వచ్చేది శిరాడి ఘాట్. మంగళూరు రేవుకు వెళ్ళొచ్చే లారీల వెనక, ఆ మలుపుల్లో, చీకట్లో, వాంతులయ్యే పిల్లాడితో నావల్ల కాదన్నాను. నా మాటే నెగ్గింది.

నెగ్గి ఏం లాభం? పొద్దున్నే వాడికి నాలుగు ఇడ్లీలు పెట్టి ఎక్కించింది నేనే. ఘాట్‌లో రెండుసార్లు ఆపాం. అత్తమ్మ నిమ్మకాయ గోటితో గీరి వాడి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. కిందికి దిగి అద్దం దించగానే, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి గాలి ముఖానికి కొట్టింది. వాడు మళ్ళీ సంచి అడిగాడు.

మంగళూరులో అరటిపండు కలిపి చేసే బన్స్ తిని, కట్టించుకుని, కాపు చేరేసరికి ఎండ తగ్గింది. బండ మీద 1901లో కట్టిన లైట్‌హౌస్ ఉంది. తండ్రీకొడుకులు అటు పరుగెత్తారు. నేనూ అత్తమ్మా ఇసుకలో నిలబడ్డాం. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని రెండడుగులు వేశారు. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంటే నా భుజం గట్టిగా పట్టుకున్నారు. తర్వాత వంగి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు. రుచి చూసి, తల పంకించి, "ఊరగాయకు సరిపోతుందే అమ్మీ" అన్నారు.

ఆ రాత్రి 'సీ వ్యూ' గదిలో సముద్రం బాత్‌రూమ్ వెంటిలేటర్‌లోంచి, అదీ బకెట్ బోర్లించి ఎక్కితేనే కనిపించింది. మావాడు ఎక్కి కామెంటరీ చెప్పాడు.

ఉడిపిలో తొమ్మిది రంధ్రాల వెండి కిటికీలోంచి కృష్ణుణ్ణి చూశాం. మల్పె నుంచి బోటులో సెయింట్ మేరీస్ దీవికి వెళ్ళాం. వానాకాలంలో ఈ బోట్లు ఉండవు. మడగాస్కర్ మన నేల నుంచి విడిపోయిన కాలంలో, కోట్ల ఏళ్ళ కింద, పొంగిన లావా చల్లారి పలకల స్తంభాలుగా పగిలిన రాళ్ళవి. మావాడు వాటి పలకలు లెక్కపెట్టుకుంటూ పోయాడు. ఆరు పలకలవే ఎక్కువ, ఐదువీ దొరికాయి. ఎండకు తల మాడింది. పదిన్నర దాటాక మాత్రం వెళ్ళకండి.

షీటులో మరవంతెకు ఇచ్చింది ఇరవై నిమిషాలు. అక్కడ 66వ నంబరు జాతీయ రహదారికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సౌపర్ణిక నది. అత్తమ్మ రోడ్డు దాటి అటూ ఇటూ మూడుసార్లు తిరిగారు. లారీలకు నా గుండె దడ. "మన మద్దిలేరుకు ఇందులో చారెడు ఇచ్చినా బాగుండు" అన్నారు. రెండు గంటలు కూర్చున్నాం. మా ఆయన ఫోన్ తీయలేదు.

బయల్దేరే ముందు ఆవిడ ఖాళీ బాటిల్లో సముద్రపు నీళ్ళు పట్టించుకున్నారు, కదిరిలో పక్కింటావిడకు చూపించాలని. మూత సరిగ్గా బిగించినట్టు లేదు. హాసన్‌లో డిక్కీ తీస్తే మిగిలిన బన్స్ అన్నీ తడిసి ఉన్నాయి. బాటిల్లో సగం మిగిలింది. అత్తమ్మ ముందు దాన్నే తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.