కార్న్‌వాలిస్ ఓడిపోయిన చోట

స్కూల్లో మాకు కార్న్‌వాలిస్ అంటే 1793, శాశ్వత శిస్తు ఒప్పందం, అంతే. ఇండియాకి రాకముందు ఆయన ఎక్కడ ఏం చేశాడో ఎవరూ చెప్పలేదు. అందుకే వర్జీనియాలో అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, యార్క్‌టౌన్ చూపించి తీరాలని పట్టుబట్టాను. ఆష్‌బర్న్ నుంచి పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరితే ట్రాఫిక్‌తో నాలుగు గంటలు పట్టింది.

ఊరు చిన్నది. పక్కనే యార్క్ నది, గోదావరిలా వెడల్పుగా ఉంది. ఓడలు వస్తాయి, సాయం అందుతుంది అన్న ధీమాతోనే 1781లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, బ్రిటిష్ సేనాపతిగా కార్న్‌వాలిస్ ఇక్కడ మకాం పెట్టాడు. ఆ ఓడలు రాలేదు. సెప్టెంబర్ 5న చెసపీక్ అఖాతం ముఖద్వారం దగ్గర ఫ్రెంచి నౌకాదళం వాటిని తిప్పికొట్టింది. నేల మీద వాషింగ్టన్ సేన, రోషాంబో తెచ్చిన ఫ్రెంచి సేన కలిసి ఊరిని చుట్టుముట్టాయి. అమెరికా స్వాతంత్ర్యం అనగానే మనం వాషింగ్టన్ పేరే చెప్పుకుంటాం. ఫ్రెంచి వాళ్లు లేకపోతే ఇక్కడ గెలుపే లేదని ఆ ఒడ్డున నిలబడ్డాకే నాకు బాగా తెలిసొచ్చింది.

నది అంచున బ్రిటిష్ వాళ్ల మట్టికోటలు రెండున్నాయి, తొమ్మిది, పది నంబర్లవి. ఇప్పుడున్నవి మళ్లీ కట్టినవే. గోడలోంచి మొనలు చెక్కిన దుంగలు మనిషి మీదకి వచ్చేలా పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక మొన మీద చెయ్యి పెట్టి చూశాను. చీకట్లో దీనికి ఎదురుగా పరిగెత్తడమంటే ఒళ్లు జలదరించింది. అమెరికన్లు, ఫ్రెంచి వాళ్లు తమ ముట్టడి కందకాన్ని నది దాకా తవ్వడానికి ఈ రెండే అడ్డం. అక్టోబర్ 14 రాత్రి తొమ్మిదో దాని మీదకి ఫ్రెంచి వాళ్లు వెళ్లారు. పదో దాని మీదకి అమెరికన్ అధికారి హామిల్టన్ మనుషులు వెళ్లారు. చప్పుడైతే పట్టుబడతామని తుపాకుల్లో మందు కూడా కూరకుండా, ఉత్త బాయ్‌నెట్లతో. పది నిమిషాల్లో కోట చేతికొచ్చింది.

16 రాత్రి కార్న్‌వాలిస్ పడవల్లో నది దాటి తప్పించుకోబోతే గాలివాన అడ్డొచ్చింది. 19న లొంగుబాటు. ఒంట్లో బాగాలేదని చెప్పి ఆయన రాలేదు, కింది అధికారిని పంపాడు. ఆ మైదానం ఇప్పుడు పచ్చగడ్డి, నిశ్శబ్దం.

నా మనసు మాత్రం ఇంకోచోట ఆగిపోయింది. స్వేచ్ఛ దొరుకుతుందని తోటల నుంచి పారిపోయి బ్రిటిష్ వాళ్లను నమ్ముకున్న నల్లజాతి బానిసలను, తిండి తరిగిపోగానే, మశూచి సోకినవాళ్లతో సహా కార్న్‌వాలిస్ బయటికి గెంటేశాడు. ఇటు అమెరికన్ల కోసం ఆయన శిబిరంలోనే గూఢచారిగా పనిచేసిన జేమ్స్ కూడా బానిసే. దేశాన్ని స్వతంత్రమని బ్రిటన్ ఒప్పుకున్నది 1783 పారిస్ సంధితో. జేమ్స్‌కి విడుదల దొరికింది 1787లో. ఇది తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

"తర్వాత కార్న్‌వాలిస్‌ని జైల్లో పెట్టారా అమ్మమ్మా?" అని అడిగింది మనవరాలు.

"లేదమ్మా. ఐదేళ్లకి గవర్నర్ జనరల్ చేసి మన దేశానికి పంపారు."

1792లో శ్రీరంగపట్నంలో టిప్పు కొడుకులిద్దర్ని బందీలుగా తీసుకున్నది ఆయనే. బెంగాల్లో ఆయన పెట్టిన ఆ శాశ్వత శిస్తు జమీందారీ పద్ధతి 1802లో మా విజయనగరం వైపుకీ వచ్చింది. మా తాతగారి కాలం దాకా ఉంది. తిరుగు దారిలో రిచ్‌మండ్ దాటేదాకా మనవరాలికి ఆ శిస్తు కబుర్లే చెప్పాను.