బర్న్లీ పెద్దవాళ్ల సామెతలు

మా బడి గోడల మీద రాసిన ఇంగ్లిష్ సామెతలన్నీ బుద్ధిమంతులవి. 'ఆనెస్టీ ఈజ్ ది బెస్ట్ పాలసీ' లాంటివి. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో, వృద్ధుల్ని చూసుకునే కేర్ హోమ్ పనిలో చేరాక వింటున్నవి వేరే రకం. డబ్బు, వాన, యజమాని, వీటి చుట్టూనే తిరుగుతాయి. నన్నడిగితే ఇవే అసలు సరుకు.

మా హోమ్ బర్న్లీ దగ్గర. ఒకప్పుడు ఇదంతా నూలు మిల్లుల ప్రాంతం. మా దగ్గరున్న పెద్దావిడల్లో కొందరు పదిహేనేళ్లకే బడి మానేసి మగ్గాల మీదికి వెళ్లినవాళ్లు. ఆ హోరులో మాట వినపడేది కాదట. పెదాలు బాగా కదిలించి, సైగలతో మాట్లాడుకునేవాళ్లు. దానికి 'మీమాయింగ్' అని పేరు. ఇప్పుడు చెవులు పనిచేయని వయసులో ఆ విద్య భలే అక్కరకొస్తోంది. హాయిస్ట్‌తో (మనిషిని ఎత్తే యంత్రం) లేపి కుర్చీలోకి దించుతుంటే ఒకావిడ, గది ఆ చివరనున్న స్నేహితురాలికి పెదాలతోనే నా గురించి ఏదో చెప్పి నవ్విస్తుంది.

ఆవిడ సామెత 'క్లాగ్స్ టు క్లాగ్స్ ఇన్ త్రీ జనరేషన్స్'. క్లాగ్స్ అంటే చెక్క అడుగుకి ఇనుప నాడాలు కొట్టిన బూట్లు, మిల్లు కూలీలు వేసుకునేవి. తాత వాటితోనే తిరిగి సంపాదిస్తాడు, కొడుకు అనుభవిస్తాడు, మనవడు మళ్లీ వాటిలోనే కాళ్లు పెడతాడు. టీవీలో డబ్బున్నోళ్ల కుర్రాడెవడైనా కనబడితే చాలు, టీ కప్పు కింద పెట్టి మరీ అంటుంది. ఉన్న పొలం అమ్మి పిల్లల్ని విదేశాలకు పంపిన మా ఊరివాళ్లు గుర్తొస్తే నాకు మాత్రం నవ్వు రాదు.

యార్క్‌షైర్ నుంచి కోడలిగా వచ్చిన ఇంకో ఆవిడది 'వేర్ దేర్స్ మక్, దేర్స్ బ్రాస్'. మురికి ఉన్నచోటే డబ్బుందని. నేను ప్యాడ్ మారుస్తుంటే ఆవిడ అదే అంటుంది. దాంతో ఇద్దరికీ మొహమాటం పోతుంది. ఒకరోజు నా గంట జీతం ఎంతో అడిగింది. చెప్పాను. "అయితే ఆ సామెత తప్పు" అంది.

స్టాఫ్ రూమ్‌లో వినపడేది ఇంకోటి: బూర ఊదేవాడికి డబ్బిచ్చినవాడే ఏ పాటో చెబుతాడు. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రభుత్వం కేర్ వర్కర్లకు వీసా దారి తెరిచింది. ఏజెంట్లకు లక్షలు పోసి వచ్చినవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు. మన వీసా యజమాని స్పాన్సర్ లైసెన్స్ (బయటి దేశాలవాళ్లను పనిలో పెట్టుకునే అనుమతి) మీద నడుస్తుంది. అది పోయిందంటే, సాధారణంగా 60 రోజుల్లో ఇంకో యజమానిని వెతుక్కోవాలి. 2025 జులైలో బయటి దేశాల నుంచి కొత్తవాళ్లను తీసుకోవడం కూడా ఆపేశారు. ఇంతకుముందు నేను పనిచేసిన చోట వరసగా నైట్లు వేస్తే ఎవరం నోరెత్తలేదు. రోటా (డ్యూటీల పట్టిక) మార్చమని అడగబోతే, అక్కడే పుట్టి పెరిగిన సహోద్యోగి ఈ సామెత చెప్పి, కుర్చీ జరిపి కూర్చోమంది. ఓదార్పో హెచ్చరికో తెలీదు గానీ, నేను మాత్రం అడగలేదు.

వాన సామెతల దగ్గర మాత్రం వీళ్లతో ధైర్యంగా వాదిస్తాను. జులై 15, సెయింట్ స్విదిన్ రోజు. ఆ రోజు వాన పడితే 40 రోజులు పడుతుందని నమ్మకం. అలా వరసగా 40 రోజులు కురిసినట్టు బ్రిటన్ వాతావరణ శాఖ రికార్డుల్లో ఒక్కసారి కూడా లేదని ఫోన్‌లో చూపించాను. మీమాయింగ్ ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివింది.

"వాళ్లెప్పుడైనా బర్న్లీ వచ్చారా, లవ్?" అంది.