ఆర్కే బీచ్ ఎత్తు నలభై మీటర్లట!

వేగం, దూరం చూపించే నా పాత సైకిల్ మీటరుతో గొడవంతా అయస్కాంతం దగ్గరే. ముందు చక్రం చువ్వకి చిన్న స్క్రూతో బిగించే అయస్కాంతం ఒకటి, ఫోర్క్‌కి కేబుల్ టైతో కట్టే సెన్సరు ఒకటి. రెండూ దాదాపు రాసుకునేంత దగ్గరగా ఉండాలి. చక్రం తిరిగినప్పుడల్లా అయస్కాంతం సెన్సరు ముందు నుంచి పోతుంది, లోపలి స్విచ్చి ఒక్క క్షణం కలుస్తుంది, మీటరు ఒక చుట్టు లెక్కేసుకుంటుంది. వినడానికి ఇంత సులువైన యంత్రం ఇంకోటి ఉండదు. కానీ సైకిల్‌ని లిఫ్టులో నిలువుగా లేపి కిందికి తెచ్చేసరికి ఆ అయస్కాంతం కాస్త పక్కకి తిరిగిపోయేది. బీచ్ రోడ్డెక్కి నాలుగు తొక్కులు తొక్కి చూస్తే తెర మీద సున్నా!

పైగా నాది వైర్లు లేని రకం. తెల్లవారుజామున ముందు ఎల్ఈడీ లైటు వేస్తే చాలు, దాని సిగ్నల్‌కి పిచ్చెక్కేది. తెన్నేటి పార్కు వైపు ఎత్తెక్కుతూ నేను ఆయాసపడుతుంటే అది గంటకి 87 కిలోమీటర్లు అని చూపించింది. ఇక ఆ రోజుకి గరిష్ఠ వేగం అదే.

బ్యాటరీ మార్చడం ఇంకో తద్దినం. గుండ్రటి సీఆర్ 2032 బిళ్ల బయటికి తీయగానే చక్రం కొలత మరిచిపోయేది. రెండు బటన్లూ కలిపి నొక్కిపట్టి, అంకెలు మెరుస్తుంటే ఒక్కొక్కటే మార్చుకుంటూ, చుట్టుకొలతని మిల్లీమీటర్లలో మళ్లీ ఎక్కించాలి. 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకి 2136, 32 వెడల్పు దానికి 2155. పంతొమ్మిది మిల్లీమీటర్లే కదా అని వదిలేస్తే వంద కిలోమీటర్లకి దాదాపు తొమ్మిది వందల మీటర్లు తేడా వస్తుంది. దానికితోడు మా విశాఖ ఉప్పుగాలి. బ్యాటరీ కింది రేకులకి పచ్చటి చిలుము పట్టడం, నేను పాత టూత్‌బ్రష్ పట్టుకుని కూర్చోవడం, మా ఆవిడ నవ్వడం.

చివరికి జీపీఎస్ మీటరు కొన్నాను. గార్మిన్, వహూ లాంటి పేరున్న కంపెనీల ధరలు చూసి నోరు మూసుకుని, అంతకంటే బాగా తక్కువలో వచ్చే చైనా తయారీది తీసుకున్నాను. హ్యాండిల్‌కి రెండు రబ్బరు బ్యాండ్లతో స్టాండు కట్టడమే పని. ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగు కనిపిస్తే మనం ఎక్కడున్నామో అదే లెక్క తేల్చుకుంటుంది. చక్రం ఎంతదైతే దానికేం పని?

భీమిలిలో నేను ఎప్పుడూ ఆగే టీ కొట్టు పెద్దమ్మ దాన్ని చూసి, "ఏటి బాబూ, సైకిలుకి టీవీ ఎట్టీసినావా?" అంది. టీవీయేనమ్మా, ఒకటే ఛానెల్ అన్నాను.

నిజం చెప్పాలంటే, దూరం ఒక్కటే కావాలనుకుంటే సరిగ్గా అమర్చిన పాత మీటరే మెరుగు. జీపీఎస్ సెకనుకో చుక్క పెట్టి, ఆ చుక్కల్ని గీతలతో కలుపుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆ గీత కొంచెం అడ్డదారి పడుతుంది. చెట్ల నీడలో ఇంకాస్త తడబడుతుంది. నేను కొన్నది దారి కోసం. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. దీనికి సిమ్ అక్కర్లేదు, ముందే ఎక్కించుకున్న దారి గీత అలాగే నిలబడి ఉంటుంది. ఇంకా ఎంత ఎత్తు ఎక్కాలో చూపించే పేజీ కూడా ఉంది. గాలికొండ దగ్గర పడేదాకా నేనది తెరవను. కాళ్లలో ఉన్న కాస్త ఓపికా అది చూస్తే పోతుంది.

ఎత్తు సంగతి మాత్రం భలే తమాషా. ఇది గాలి పీడనాన్ని బట్టి ఎత్తు లెక్కగడుతుంది. సముద్రమట్టం దగ్గర ఒక మిల్లీబారు తగ్గితే దానికి మనం ఎనిమిది మీటర్లు పైకెక్కినట్టు. వేరే ఊళ్లలో ఈ తప్పు ఎవరికీ తెలియదు గానీ మాకు ఎదురుగా సముద్రమే ఉందాయె. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిన రోజున ఆర్కే బీచ్‌లో అలల పక్కన నిలబడి చూస్తే నలభై మీటర్లు అంది! బయల్దేరే ముందు ఎత్తు సరిచేసుకునే సదుపాయం ఉంది. అలాంటి రోజుల్లో తప్పదు. మామూలు రోజుల్లో నేను పట్టించుకోను.

రుషికొండ, మంగమారిపేట, భీమిలి, మళ్లీ ఇల్లు, ఇంతే మీ తిరుగుడు అయితే మాత్రం డబ్బులు తగలేయకండి. తీగ ఉన్న మామూలు మీటరు, జేబులో ఫోను చాలు. బీఆర్ఎం లాంటి, గడువులోపు తొక్కి ముగించాల్సిన సుదూర సైకిల్ యాత్రలకి వెళ్లేవాళ్లకైతే కచ్చితంగా కొనమంటాను. వాటిలో మూడు వందల కిలోమీటర్లకి ఇరవై గంటలు గడువు కాబట్టి చిన్న పవర్ బ్యాంకు మాత్రం దగ్గర ఉంచుకోండి.

వానాకాలంలో ఇంట్లో స్టాండు మీద తొక్కుతాను. కదలని సైకిల్‌కి జీపీఎస్ వేగం సున్నా. దానికోసం మళ్లీ ఒక సెన్సరు కొనాల్సి వచ్చింది. ఇది చక్రం మధ్యలో ఉండే హబ్‌కి చుట్టేది. అయస్కాంతం లేదని డబ్బా మీద చూశాకే డబ్బులిచ్చాను.