హాఫ్ లైన్ దగ్గర ఒక మనిషి

ప్రపంచ కప్‌లో మూడు వేర్వేరు దేశాల పేర్లతో ఆడిన ఒకే ఒక్క ఆటగాడు ఎవరు? ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఈ క్విజ్ ప్రశ్న బాగా తెలుసు. జవాబు సెర్బియా మిడ్‌ఫీల్డర్ దేయాన్ స్టాంకోవిచ్. 1998లో యుగోస్లావియా, 2006లో సెర్బియా అండ్ మాంటెనెగ్రో, 2010లో సెర్బియా. ఈ ఒక్క ముక్క చెప్పేసి అందరూ ముందుకెళ్లిపోతారు. అది నాకు మొదటినుంచీ బాధే. ఇరవై ఏళ్ల ఆట ఒక జీకే ప్రశ్నలో ఇమిడిపోయేది కాదు.

ఇవాళ ఆదివారం కాబట్టి దాని గురించి తీరిగ్గా రాసుకునే వీలు దొరికింది. పొద్దున అమ్ముగూడ దగ్గర గ్రౌండ్‌లో పిల్లల ప్రాక్టీస్ మ్యాచ్. రాత్రి పడ్డ వానకి ఒక గోల్ ముందంతా బురద. మా ఎనిమిదో నంబర్ కుర్రాడు ఫస్ట్ హాఫ్ బాగానే ఆడాడు. సెకండ్ హాఫ్‌లో ఇంకొకడికి ఛాన్స్ ఇద్దామని వాణ్ని బయటికి పిలిచాను. అంతే, మొహం మాడ్చుకుని పోయి నీళ్ల క్యాన్ పక్కన కూర్చున్నాడు. షూ లేసులు విప్పడం, కట్టడం, మళ్లీ విప్పడం. మ్యాచ్ అయ్యాక వాడి దగ్గరికెళ్లి, "ఒరే, స్టాంకోవిచ్ ఆట ఎప్పుడైనా చూశావా?" అని అడిగాను. "ఎవరు సార్ ఆయన?" అన్నాడు. వాడికి మోడ్రిచ్ తెలుసు, డి బ్రూయ్‌నె తెలుసు. స్టాంకోవిచ్ ఆట మానేసేనాటికి వీడింకా అంగన్‌వాడీకి కూడా పోలేదు. వీడియోలు వెతికి పంపిస్తానని మాటిచ్చాను. అలా మధ్యాహ్నం అంతా వాటితోనే గడిచింది.

ముందుగా పంపింది 2009 అక్టోబర్ 17 నాటి గోల్. జెనోవా ఊళ్లో, జెనోవా జట్టు మీద ఇంటర్ మిలాన్ 5-0తో గెలిచిన మ్యాచ్. గోలీ మార్కో అమేలియా పెనాల్టీ బాక్స్ వదిలి బయటికొచ్చి బంతిని గట్టిగా ముందుకి తన్నేశాడు. అది హాఫ్ లైన్ (మైదానం మధ్య గీత) దగ్గర స్టాంకోవిచ్ వైపు వచ్చింది. మామూలుగా ఎవరైనా ఛాతీ మీద ఆపుకుంటారు, లేదా పక్కవాడికి తలతో ఇస్తారు. ఇతను ఆపలేదు. బంతి నేల తాకకముందే కుడికాలితో కొట్టాడు. బంతి దాదాపు సగం మైదానం దాటి ఖాళీ గోల్‌లో పడింది.

దాన్ని స్లోగా పెట్టి చూశాను. కొట్టడానికి ముందే అతని ఒళ్లు సిద్ధంగా ఉంది. ఎడమకాలు నేలమీద నిలిచింది, మోకాలు కొద్దిగా వంగింది, చీలమండ బిగిసింది, తల బంతి మీదికి వాలింది. వెనక్కి వాలితే బంతి ఆకాశానికి పోతుంది. ఇదే మాట నేను పిల్లలకి రోజూ అరిచి చెబుతుంటాను. గోలీ బయట ఉన్నాడన్న సంగతి అతను అప్పటికప్పుడు చూసింది కాదు, బంతి గాల్లోకి లేవకముందే తెలుసు. మంచి మిడ్‌ఫీల్డరు బంతి తన దగ్గర లేనప్పుడే మైదానమంతా చూసి పెట్టుకుంటాడు.

ఇది గుడ్డి దెబ్బ అనేవాళ్లకి ఇంకో వీడియో ఉంది. 2011 ఏప్రిల్ 5, ఇంటర్ సొంత మైదానం శాన్ సీరోలో జర్మన్ క్లబ్ షాల్కే మీద ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్. మ్యాచ్ మొదలై అర నిమిషం కాలేదు. ఈసారి గోలీ మాన్యుయెల్ నోయర్. పరుగెత్తుకొచ్చి తలతో బంతిని బయటికి పంపాడు. అది గాల్లోంచి దిగి స్టాంకోవిచ్ ముందుకొచ్చింది. మళ్లీ హాఫ్ లైన్ దగ్గర్నుంచే, మళ్లీ నేల తాకకుండా, మళ్లీ గోల్. ఆ మ్యాచ్ ఇంటర్ 5-2తో ఓడిపోయింది, అది వేరే విషయం. ఒకసారైతే అదృష్టం అనుకోవచ్చు. ఏడాదిన్నర తేడాతో ఇద్దరు పేరున్న గోలీల మీద అదే పని చేస్తే దాన్ని అదృష్టం అనడం అన్యాయం.

అయితే కుర్రాడికి నేను చూపించాలనుకున్నది ఈ గోల్స్ ఒక్కటే కాదు.

స్టాంకోవిచ్ 1978 సెప్టెంబర్ 11న బెల్‌గ్రేడ్‌లోని జెమున్‌లో పుట్టాడు. అప్పటికి అది టీటో పాలించిన పెద్ద యుగోస్లావియా. అంటే ఆడిన మూడు పేర్లకి ముందు పుట్టినప్పటి పేరు ఇంకొకటుంది. అతను పెరిగే వయసులోనే ఆ దేశం ముక్కలైంది. యుద్ధం వల్ల ఆంక్షలు పడి, యుగోస్లావియా జట్టుకి 1992 యూరోలో గానీ 1994 ప్రపంచ కప్‌లో గానీ చోటు లేకుండా పోయింది. అలాంటి రోజుల్లో పదహారు పదిహేడేళ్లకే బెల్‌గ్రేడ్ క్లబ్ రెడ్ స్టార్ సీనియర్ జట్టులోకి వచ్చి, ఇరవై నిండకుండానే కెప్టెన్ అయ్యాడు. 1998 ఏప్రిల్‌లో దేశం తరఫున దక్షిణ కొరియా మీద మొదటి మ్యాచ్ ఆడి రెండు గోల్స్ కొట్టాడు. రెండు నెలలకి ఫ్రాన్స్‌లో ప్రపంచ కప్. ప్రీక్వార్టర్స్‌లో నెదర్లాండ్స్ చేతిలో ఇంజురీ టైమ్‌లో డేవిడ్స్ కొట్టిన గోల్‌తో ఇంటిదారి పట్టారు.

ఆ వేసవిలోనే రోమ్‌లోని లాజియోకి వెళ్లాడు. అక్కడ మొదటి సీజన్ గురించి ఎప్పుడు చదివినా నాకు మనసు కలుక్కుమంటుంది. 1999 మార్చి 24న నాటో విమానాలు యుగోస్లావియా మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయి. అది జూన్ 10 దాకా సాగింది. బెల్‌గ్రేడ్‌లో సైరన్లు మోగుతున్న ఆ రోజుల్లోనే, మే 19న, ఇరవై ఏళ్ల స్టాంకోవిచ్ ఇంగ్లండ్‌లోని విల్లా పార్క్‌లో కప్ విన్నర్స్ కప్ ఫైనల్ ఆడాడు. ఇంగ్లండ్ అంటే బాంబులు వేస్తున్న దేశాల్లో ఒకటి. పక్కన అదే దేశపువాడు సినిషా మిహైలోవిచ్ ఉన్నాడు. లాజియో 2-1తో మయోర్కా మీద గెలిచింది. ఆ రాత్రి వాళ్లిద్దరి మనసుల్లో ఏముందో ఎవరం చెప్పగలం? నేనైతే ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తేనే టెన్షన్‌తో ఆ రోజు ఏ పనీ సరిగ్గా చేయలేను. మరుసటి ఏడాది లాజియో ఇటలీ లీగ్ గెలిచింది. ఆ క్లబ్ చరిత్రలోనే అది రెండో లీగ్ టైటిల్.

ఈ మధ్యలో కరెంటు పోయింది. ఫోన్‌లో ఛార్జింగ్ కూడా అయిపోవచ్చింది. మా ఆవిడ భోజనానికి పిలిచింది. పప్పుచారు, వంకాయ వేపుడు. తింటూ ఆవిడకి యుగోస్లావియా సంగతులు చెబుతుంటే, "అంత దూరం దేశం గురించి మీకెందుకంత పట్టింపు?" అంది. అప్పుడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ కథ చెప్పాను. మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ నడిపించిన భారత జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది. సెమీస్‌లో ఎదురైంది యుగోస్లావియానే. నెవిల్ డిసౌజా కొట్టిన గోల్‌తో ముందు మనమే ఆధిక్యంలోకి వెళ్లాం. ఆ తర్వాత వాళ్లు నాలుగు కొట్టారు. ఆ జట్టుతో వెళ్లిన తులసీదాస్ బలరాం మా అమ్ముగూడలోనే పుట్టి పెరిగాడు. కాబట్టి ఆ నేల మీది ఫుట్‌బాల్ ఈ వీధులవాళ్లకి ఎప్పటినుంచో తెలుసు. అంతకు నాలుగేళ్ల ముందు హెల్సింకిలో 10-1తో మనల్ని ఓడించింది కూడా వాళ్లే.

కరెంటు వచ్చాక 2006 ప్రపంచ కప్ పెట్టాను. మనసుకి కష్టమైనా చూడాల్సినవి కొన్ని ఉంటాయి. క్వాలిఫయింగ్‌లో సెర్బియా అండ్ మాంటెనెగ్రో పది మ్యాచ్‌లాడి ఒకే ఒక్క గోల్ ఇచ్చింది. స్పెయిన్ ఉన్న గ్రూప్‌లో మొదటి స్థానం. తీరా టోర్నీ దగ్గరికొచ్చేసరికి, మే 21న మాంటెనెగ్రోలో విడిపోవాలా వద్దా అని రెఫరెండం జరిగింది. జూన్ మొదటి వారంలో ఆ దేశం విడిపోయింది. ప్రపంచ కప్ మొదలైంది జూన్ 9న. అంటే మ్యాప్‌లో లేని దేశం పేరుతో, దాని పాత జెండాతో, పాత జాతీయ గీతంతో వాళ్లు మైదానంలో నిలబడ్డారు. గోల్ కీపర్ యెవ్రిచ్ మాంటెనెగ్రో మనిషి. ఆడుతున్న ఆ దేశమే లేదు, అతని సొంత దేశానికి ఇంకా జట్టే లేదు. అర్జెంటీనా 6-0తో ఓడించింది. ఇరవైకి పైగా పాస్‌ల తర్వాత కాంబియాసో కొట్టిన ఆ అందమైన గోల్‌ని ఇప్పటికీ అందరూ చూపిస్తారు. నేను మాత్రం ఆ వీడియోలో బంతి వెంట తిరుగుతున్న అవతలి జట్టువాళ్లనే చూస్తాను. ఆ కాంబియాసో, స్టాంకోవిచ్ అప్పటికే ఇంటర్‌లో ఒకే మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతున్నారు. టోర్నీ అయ్యాక మళ్లీ ఒకే డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లాల్సినవాళ్లు.

ఇంటర్‌కి స్టాంకోవిచ్ 2004 జనవరిలో వెళ్లాడు. తొమ్మిదేళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. కోచ్ ఎక్కడ ఆడమంటే అక్కడ ఆడాడు. ఎడమవైపు, కుడివైపు, స్ట్రైకర్ల వెనక, డిఫెన్స్ ముందు. అక్కడి అభిమానులు 'డెకీ' అని పిలుచుకున్నారు. 2009 ఆగస్టులో ఏసీ మిలాన్ మీద 4-0తో గెలిచిన డెర్బీలో (ఒకే ఊరి జట్ల మ్యాచ్) చివరి గోల్ దూరం నుంచి అతను కొట్టిందే. అదే మ్యాచ్‌తో స్నైడర్ జట్టులోకి వచ్చాడు. తర్వాత కోచ్ మొరీన్యో ముందువరసలో మనుషుల్ని పెంచుతూ పోయాడు, స్టాంకోవిచ్ చోటు తగ్గుతూ వచ్చింది. 2010 మే 22న మాడ్రిడ్‌లో బయర్న్ మ్యూనిక్‌తో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. మొదటి పదకొండు మందిలో అతను లేడు. 68వ నిమిషంలో కివు స్థానంలో వచ్చాడు. ఆ మార్పుతో జనెట్టి డిఫెన్స్‌లోకి జరిగాడు, మధ్యలో ఖాళీని స్టాంకోవిచ్ నింపాడు. రెండు నిమిషాలకి మిలిటో రెండో గోల్ కొట్టాడు. లీగ్, ఇటలీ కప్, యూరప్ కప్ మూడూ ఒకే సీజన్‌లో.

కుర్రాడికి ఆ ఇరవై నిమిషాల వీడియో ప్రత్యేకంగా పంపాను. అందులో అతను చేసిన గొప్ప పని అంటూ ఏదీ కనపడదు. అడ్డం పడతాడు, దగ్గరి పాస్ ఇస్తాడు, చెయ్యెత్తి పక్కవాణ్ని జరగమంటాడు. 31 ఏళ్ల వయసులో, తన దేశానికి కెప్టెన్ అయి ఉండి, జీవితంలోనే అతిపెద్ద మ్యాచ్‌లో బెంచ్ మీదినుంచి లేచి వచ్చి అంత శ్రద్ధగా ఆడాడు. ఆ నవంబర్‌లో పార్మా మీద హ్యాట్రిక్ కొట్టాడు.

సాయంత్రం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. మిలాన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. "మామయ్యా, శాన్ సీరో బయటినుంచే చూశా, టికెట్ దొరకలేదు" అన్నాడు. డెకీ సంగతి ఎత్తితే వాడికీ తెలియదు. వాడికీ అవే వీడియోలు పంపాను.

రాత్రి భోజనాలయ్యాక ఒక్కణ్నే కూర్చుని 2010 అక్టోబర్ 12 నాటి వీడియో చూశాను. ఇటలీ, సెర్బియా మధ్య యూరో క్వాలిఫయింగ్ మ్యాచ్. జెనోవా, అదే స్టేడియం. ఏడాది కిందట అతను బంతి నేల తాకకుండా ఆ గోల్ కొట్టిన మైదానమే. సెర్బియా నుంచి వచ్చిన ఒక గుంపు మంటలు విసిరింది, వలలు కోసింది. గోలీ స్టోయ్‌కోవిచ్ రెడ్ స్టార్‌లో ఆడి తర్వాత దాని ప్రత్యర్థి క్లబ్ పార్టిజాన్‌కి వెళ్లాడన్న కోపంతో మ్యాచ్‌కి ముందే బస్సులో అతని మీదికి వెళ్లారు. స్టాంకోవిచ్ రెడ్ స్టార్‌లో పెరిగినవాడు, అభిమానులకి బాగా ఇష్టమైనవాడు. జట్టుని వెంటేసుకుని ఆ స్టాండ్ దగ్గరికి నడిచి, సెర్బులు చేసే మూడు వేళ్ల సైగ చేసి, చప్పట్లు కొట్టి, శాంతించమని బతిమాలాడు. మ్యాచ్ ఆలస్యంగా మొదలై ఆరేడు నిమిషాలకే ఆగిపోయింది. తర్వాత ఇటలీ 3-0తో గెలిచినట్టు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ ప్రకటించింది. ఆ వేసవిలోనే దక్షిణాఫ్రికాలో ఇదే జట్టుతో అతను జర్మనీని 1-0తో ఓడించి వచ్చాడు. కెప్టెన్ పట్టీ అంటే టాస్ వేయడం అనుకునే పిల్లలకి ఈ వీడియో కూడా చూపించాలి. కానీ ఆ మంటలూ గొడవా చూస్తే భయపడతారేమోనని పంపలేదు.

దాదాపు ఏడాదికి, 2011 అక్టోబర్ 11న, మారిబోర్‌లో స్లొవేనియా చేతిలో 1-0తో ఓడి సెర్బియా యూరోకి దూరమైంది. విడిచ్ కొట్టిన పెనాల్టీ కూడా పోయింది. ఆ ఓటమితో స్టాంకోవిచ్ జాతీయ జట్టుకి సెలవు చెప్పాడు. అప్పటికి 102 మ్యాచ్‌లు, దేశం తరఫున ఎక్కువ మ్యాచ్‌లాడిన రికార్డులో సావో మిలోషెవిచ్‌తో సమానం. తర్వాత గాయాలు వదలలేదు. 2013లో ఇంటర్‌తోనూ బంధం ముగిసింది. ఆ అక్టోబర్ 11న నోవి సాద్‌లో జపాన్‌తో ఫ్రెండ్లీ పెట్టి, అతనికి మొదటి పది నిమిషాలు ఆడే అవకాశమిచ్చారు. దాంతో 103.

ఆ పది నిమిషాలని లెక్కలోకి తీసుకోకూడదని, రికార్డు కోసం ఇచ్చిన మ్యాచ్ అని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆ రికార్డు తర్వాత ఇవానోవిచ్ దాటేశాడు, అతన్ని టాడిచ్ దాటేశాడు, కాబట్టి అంకె గురించి ఎవరికీ పేచీ అక్కర్లేదు. రెండు దేశాల పేర్లు చెరిగిపోయేదాకా ఆడి, ఓటమి రోజున ఆట వదిలేసినవాడికి, సొంత జనం మధ్య చప్పట్లతో బయటికి నడిచే ఒక్క సాయంత్రం ఇవ్వడం సెర్బియా చేసిన మంచి పనుల్లో ఒకటని నా నమ్మకం.