నేలపట్టు ట్రిప్పు, పిల్లకో చెట్టు

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదన్నా రాయమని గ్రూపులో మెసేజ్ రాగానే, యానివర్సరీ డాన్సులు, ఫేర్‌వెల్ ఏడుపులు ఎట్లాగూ మిగతావాళ్లు రాస్తారులే, నేను మాత్రం తొమ్మిదో తరగతిలో నేలపట్టు పక్షుల చెరువుకి పోయిన ట్రిప్పు గురించే రాస్తా అని చెప్పేశా. అసలు ఆ ట్రిప్పుకి సగం మందికి ఇష్టం లేదు, గుర్తుందా? పక్క సెక్షన్ వాళ్లు మద్రాసు పోయి బీచ్ చూసొచ్చారు, మనకేమో కొంగల్ని చూపిస్తారంట, మన చేలల్లో లేని కొంగలా అని మగపిల్లలు ఒకటే గోల.

ఆడపిల్లల ఇళ్లల్లో ఇంకో రకం గొడవ. మా నాయనైతే కుదరదని తేల్చేశాడు. బయాలజీ సార్ సైకిలేసుకుని మా ఇంటికొచ్చి అరుగు మీద కూచుని, "మా ఇంటావిడ కూడా వస్తుందన్నా, చీకటి పడేలోపు పాపని నేనే తెచ్చి అప్పజెప్తా" అన్నాక గానీ సరేననలా.

సంక్రాంతి సెలవులైన తర్వాత పోయాం. నాయుడుపేట దాటాక హైవే దిగి కొంచెం లోపలికి పోతే నేలపట్టు చెరువు. నీళ్లలోనే కడప అనే రకం చెట్లు నిలబడి ఉంటాయి, ఆకులన్నీ రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లగా, వాసన సంగతి ఇంక చెప్పక్కర్లా. గూడబాతులు, అదే పెలికాన్లు, అక్టోబర్ నుంచి వచ్చి గూళ్లు పెట్టుకుంటాయి కాబట్టి మేం పోయేసరికి పిల్లలు కూడా ఉన్నాయి.

సార్ ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు వేలు పెట్టి చూపించాడు. "ఈ చెట్టు నీది. గంటసేపు ఇంకో చెట్టు వైపు చూడబాకండి. కనిపించింది రాయండి, అనుకున్నది రాయబాకండి" అన్నాడు. తెల్ల పక్షులు, పెద్ద ముక్కు, కింద సంచి అని రాసేసి ఇంకేం రాయాలో తెలీక దిక్కులు చూస్తుంటే పులికాట్ వైపు నుంచి ఒక గూడబాతు వచ్చి నా చెట్టు మీదే దిగింది, నోరు తెరిచింది, గూట్లో ఉన్న పిల్ల తలకాయ మెడదాకా దాని గొంతులోకి దూర్చేసింది. పక్కనున్న నా ఫ్రెండు "మేయ్, పిల్లని మింగేస్తుందే" అని నా చెయ్యి గిల్లేసింది. సార్ వెనకనుంచి "మింగడం చూశావా, అనుకున్నావా?" అన్నాడు. కాసేపటికి పిల్ల తల బయటికి తీస్తే నోట్లో చేప తోక!

కానీ ఆ గూట్లో ఇంకో పిల్ల ఉంది, చిన్నది. తల్లి వచ్చినప్పుడల్లా పెద్దది దాన్ని ముక్కుతో పొడిచి పక్కకి నెట్టేసేది. చిన్నది అరవను కూడా అరవలా, ఊరికే గూటి అంచున ముడుచుకుని కూచునింది. నేను చూసినంతసేపు దానికి ఒక్క చేపా దక్కలా, అదే రాశా. సార్ అది చదివి ఏం మెచ్చుకోలా, నా వైపు ఒకసారి చూసి నోట్స్ చేతిలో పెట్టాడంతే.

కట్ట మీద గేదెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన్ని నేనే ధైర్యం చేసి, తాతా, ఇంత కంపులో మీకు ఇబ్బంది లేదా అని అడిగా. "ఇబ్బందేంది పాపా, ఈ రెట్టల నీళ్లు పారితే మా చేలకి అదే ఎరువు. ఇవి రాని ఏడు వానలూ ఉండవు" అన్నాడు. వానల మాట ఆ ఊరి నమ్మకం. చేపల కోసం ఇరవై కిలోమీటర్ల దూరం పులికాట్‌కి పోయి మళ్లీ ఇక్కడికే ఎందుకు వస్తాయంటే, నీళ్లలో ఉన్న చెట్టెక్కి నక్కలూ పిల్లులూ పిల్లల్ని ఎత్తుకుపోలేవు కదా, ఇది సార్ చెప్పింది.

మధ్యాహ్నం పులిహోర తిని, సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడికి పోయి దండం పెట్టుకుని, అక్కణ్ణుంచి శ్రీహరికోటకి పోయే షార్ రోడ్డు మీద రెండు పక్కలా నీళ్లలో తలకిందులు చేసి మేస్తున్న ఫ్లెమింగోల్ని చూసి, రాకెట్ సెంటర్ గేటు దాకా పోయి వెనక్కొచ్చాం. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది, మా నాయన సెంటర్లో నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నా, దారంతా నేను చెప్పిన గూడబాతుల కథ వింటా నడిచాడు. మరుసటేడు నన్ను హాస్టల్‌కి పంపడానికి ఎవరూ ఇంటికొచ్చి బతిమాలాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు నేను నర్సుని. వార్డులో అరిచే పేషెంటు చుట్టూ పదిమంది ఉంటారు. మూల బెడ్డులో ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్న ముసలాయన ప్లేటు మూత తీస్తే అన్నం అట్లే ఉంటది. కొత్తగా వచ్చిన పిల్లలకి డ్యూటీలో ముందు ఆ మూల బెడ్డే చూపిస్తా. ఛార్టులో "పేషెంట్ బాగున్నాడు" అని రాస్తే, చూశావా అనుకున్నావా అని సార్ గొంతుతోనే అడుగుతా, వాళ్లకి చిరాకే అనుకోండి.

2022లో జిల్లాలు మార్చాక నేలపట్టు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మనకి ఇప్పటికీ పొద్దున పోయి రాత్రికి రాగల దూరమే. ఈ జనవరికి తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకుపోతామంటే బస్సు ఖర్చులో నా వంతు ఇస్తా, బైనాక్యులర్లు కూడా కొనిస్తా. ఒకటే షరతు, ఫోన్లు బస్సులోనే పెట్టి దిగాలి, పిల్లకో చెట్టు ఇవ్వాలి. కమిటీ వాళ్లు ఏమంటారో గ్రూపులో చెప్పండి.