శనివారం నాటి వాపు

మాది విడవలూరు మండలం. ఇరవై ఏళ్లుగా రొయ్యల గుంటల మీదే బతుకు. తెల్లారుజామున చెక్‌ట్రే పైకి లాగి మేత మిగిలిందా లేదా చూడటం, రాత్రిళ్లు నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగకుండా కాపలా కాయడం నా పని. అలాంటి నాకు రొయ్యలు పడవని ఊరంతా తేల్చేసింది.

మొదటిసారి వాచింది ఎండాకాలంలో. రొయ్యల ఇగురుతో అన్నం తిని పడుకున్నా. రాత్రి రెండింటప్పుడు మెలకువొస్తే కింది పెదవి నాది కానట్టుంది. టార్చి వేసి అద్దంలో చూసుకున్నా. ఎడమపక్క ఉబ్బిపోయి, నున్నగా మెరుస్తా ఉంది. వేలితో నొక్కితే గుంట పడలేదు. నొప్పి లేదు, దురద లేదు, లోపలినుంచి ఎవరో బిగలాగినట్టుంది. నీళ్లు తాగబోతే పెదవి పక్కనుంచి కారిపోయాయి. మా ఆవిడ లేచి చూసి, "రొయ్యలే, ఇంకేంది" అనింది. పొద్దున ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఆయనా అదే మాటన్నాడు. అలర్జీకి వేసే ఏవిల్ ఒకటి, డెక్సా అనే స్టెరాయిడ్ ఒకటి, రెండు సూదులు వేశాడు. రెండు రోజులకు తగ్గింది. సూదులు పనిచేశాయనుకున్నాం. ఇలాంటి వాపు ఏ మందూ వేయకపోయినా ఒకటి రెండు రోజుల్లో తనంతట తనే దిగుతుందని చాలా తర్వాత తెలిసింది.

మూడు నెలలకు మళ్లీ వాచింది. ఆరోజు మా ఆవిడ చుక్కకూరలో ఎండురొయ్యలు వేసింది. ఇక అనుమానమే లేదు, రొయ్యలు మానేశా. గుంట దగ్గర చేతులకు గ్లౌజులు కూడా తొడుక్కున్నా.

ఐదు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఒక శనివారం. శనివారం మా ఇంట్లో నీచు పొయ్యెక్కదు. మధ్యాహ్నం పప్పు, మజ్జిగన్నం తిన్నా. పొద్దుగూకేసరికి మాట ముద్దముద్దగా వస్తోంది. నాలుక దళసరెక్కింది, దాని అంచుల్లో పళ్ల గుర్తులు పడ్డాయి. గుటక వేస్తే ఉమ్మి దిగడం లేదు. మావాడు 108కి ఫోన్ చేశాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని నెల్లూరు దాకా కూర్చునే పోయాను. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకోనుంది, ఒక్క మాటా మాట్లాడలా.

ఎమర్జెన్సీలో వెంటనే తొడ బయటివైపు అడ్రినలిన్ సూది వేశారు. అలర్జీతో గొంతు వాచినప్పుడు అన్నిటికంటే ముందు పడాల్సింది ఆ సూదే, బిళ్ల మింగి చూద్దామని కూర్చోకూడదంట. గొంతు లోపలికి సన్నటి గొట్టం పెట్టి చూశారు, రాత్రంతా కనిపెట్టుకోనున్నారు. కానీ అలర్జీ వాపు దిగాల్సినంత తొందరగా నా వాపు దిగలేదు. అదే పొద్దున డ్యూటీకి వచ్చిన డాక్టరమ్మకు అనుమానం తెప్పించింది.

"దురద ఉందా? ఒంటిమీద దద్దుర్లు లేచాయా?"

"లేదమ్మా. ఎప్పుడూ లేవలా."

"రోజూ ఏం బిళ్లలు మింగుతారు?"

మా ఆవిడ సంచిలోంచి మందుల కవరు తీసిచ్చింది. బీపీకి ఎనలాప్రిల్, రెండేళ్లుగా వాడుతున్నా. ఆమె ఆ అట్ట ఒకటికి రెండుసార్లు తిప్పి చూసి, "పొడిదగ్గు ఉందా?" అనడిగింది. ఏడాదిగా ఉంది. గుంట మీద మంచుకనుకొని సిరప్పులు తాగుతూ వచ్చా.

అప్పుడు మంచం పక్కనే నిలబడి వివరంగా చెప్పింది. రొయ్యలో, వేరుశనగో, నొప్పి సూదో పడకపోతే ఒంట్లో హిస్టమిన్ అనేది విడుదలై సన్న రక్తనాళాల్లోంచి నీరు చర్మం కిందికి ఊరుతుంది. అది చాలామటుకు తిన్న కొద్ది నిమిషాల్లోనో, గంటా రెండు గంటల్లోనో మొదలవుతుంది. దురద, దద్దుర్లు సాధారణంగా వెంటే ఉంటాయి, ఏవిల్‌కో సెట్రిజిన్‌కో లొంగుతుంది. నాది ఆ దారి కాదు. మన ఒంట్లో బ్రాడికైనిన్ అనే పదార్థం ఎప్పటికప్పుడు విరిగిపోతుండాలి. ఎనలాప్రిల్ ఏ ఎంజైమును ఆపి బీపీ తగ్గిస్తుందో, బ్రాడికైనిన్‌ను విరగ్గొట్టేదీ ఆ ఎంజైమే. కొందరిలో అది పేరుకుపోతే దగ్గు వస్తుంది, బహు కొద్దిమందిలో పెదాలు, నాలుక వాస్తాయి. దానికి ఏవిల్, డెక్సా పనిచేయవు.

"రెండేళ్లుగా మింగుతున్నా కదమ్మా, అప్పుడు లేనిది ఇప్పుడెందుకు?" అన్నా. నెలలకూ రావచ్చు, ఏళ్లకూ రావచ్చంది. మందు చెడ్డది కాదని, గుండెకూ కిడ్నీకీ ఎందరికో మేలు చేస్తోందని, నాకే సరిపడలేదని కూడా చెప్పింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వాస్తుందా అని అడిగి, వంశపారంపర్యంగా వచ్చే రకం కాదని తేల్చుకోవడానికి సీ4 రక్తపరీక్ష రాసింది. అది మామూలుగానే వచ్చింది.

అందరం ఇన్నాళ్లూ నా కంచంలోకే చూశాం. పొద్దున్నే కాఫీ తాగి వేసుకునే బిళ్ల వైపు ఎవరం చూడలేదు. ఆ ఆర్‌ఎంపీని తప్పుపట్టను. నేనూ ఆయనకు బిళ్ల సంగతి చెప్పలేదు.

ఎనలాప్రిల్ ఆపి ఆమ్లోడిపిన్ రాశారు. మానేసిన కొన్ని వారాల దాకా వాపు రావచ్చని ముందే చెప్పి పంపారు. అన్నట్టే పద్దెనిమిదో రోజు పై పెదవి కాస్త ఉబ్బింది. తగ్గుతుందిలే అనుకోకుండా ఆస్పత్రికే పోయాం, సాయంత్రానికి దిగిపోయింది. మళ్లీ రాలేదు. ఏడాదిన్నర దాటింది. దగ్గు కూడా పోయింది.

నా పర్సులో ఒక చీటీ ఉంది. మావాడు ఎర్ర ఇంకుతో రాసిచ్చాడు: "ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, చివర 'ప్రిల్' అని ఉన్న ఏ బీపీ బిళ్లా ఈయనకు ఇవ్వొద్దు." పంటికి పోయినా, జ్వరానికి పోయినా ముందు అది బల్ల మీద పెడతా. పక్క గుంట కాపలాదారు పొడిదగ్గు దగ్గుతుంటే, నీ బీపీ బిళ్ల అట్ట చూపించబ్బాయా అన్నా. అతనిదీ 'ప్రిల్' బిళ్లే. నీ అంతట నువ్వు మానేయొద్దు, రాసిన డాక్టరుకు దగ్గు సంగతి చెప్పమని పంపించా.

రొయ్యలు తినొచ్చా అని చివరి విజిట్‌లో అడిగా. పుట్టినప్పటినుంచీ తిన్నారుగా, తినండి అంది డాక్టరమ్మ. ఆ ఆదివారం మామిడికాయ వేసి రొయ్యలు వండింది మా ఆవిడ. నేను మొదటి ముద్ద మింగి, రెండో ముద్ద కలుపుకునేదాకా ఆమె తన కంచం ముట్టకుండా నా పెదాలవైపే చూస్తా కూర్చుంది.